అడుగుతున్నది ఎవరు?

కంప్యూటర్‌లో ఒక ఫైల్‌ను తెరవాలంటే రెండు ప్రశ్నలకు జవాబు దొరకాలి. అడుగుతున్నది ఎవరు? ఆ మనిషికి ఈ ఫైల్ మీద ఏ హక్కు ఉంది? మొదటిది గుర్తింపు, రెండోది అనుమతి. రెండూ ఎప్పుడూ జంటగా వస్తాయి కాబట్టి చాలామంది వాటిని ఒకటిగానే చూస్తారు. విడదీసి చూస్తే తప్ప ఒక విషయం బోధపడదు. నలభై ఏళ్లుగా ప్రపంచమంతా వాడుతున్న నెట్‌వర్క్ ఫైల్ సర్వర్లు రెండో ప్రశ్నను ఎంతో శ్రద్ధగా అడిగి, మొదటి ప్రశ్నకు మాత్రం ఎదుటివాడు చెప్పిన జవాబునే రాసుకున్నాయి. ఈ అధ్యాయం ఆ కథ.

ఒకే యంత్రంలో

ముందు ఒంటరి యంత్రాన్ని చూద్దాం. యూనిక్స్‌లో, దాని వారసుడైన లైనక్స్‌లో ప్రతి మనిషికీ ఒక సంఖ్య ఉంటుంది. లక్ష్మి సంఖ్య 1001, రవి సంఖ్య 1002 అనుకోండి. లక్ష్మి పాస్‌వర్డ్ ఇచ్చి లాగిన్ కాగానే, ఆమె నడిపే ప్రతి ప్రోగ్రాముకూ ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ అయిన కెర్నెల్ 1001 అనే ముద్ర వేస్తుంది. ఆ ముద్ర ప్రోగ్రాము చేతిలో ఉండదు, కెర్నెల్ దగ్గరే భద్రంగా ఉంటుంది. మామూలు ప్రోగ్రాము దాన్ని తనంతట తాను మార్చుకోలేదు. డిస్కు కూడా అదే కెర్నెల్ అదుపులో ఉంటుంది. ఫైల్ తెరవమని అడిగినప్పుడు కెర్నెల్ తానే వేసిన ముద్రను చూస్తుంది, తానే కాపాడే ఫైల్ మీది హక్కుల పట్టికతో పోల్చుతుంది, సరే అనో కుదరదనో చెబుతుంది.

ఇక్కడ గుర్తింపూ అనుమతీ ఒకే ఇంటి పనులు. మధ్యలో అపరిచితుడు లేడు. సున్నా సంఖ్య గల రూట్ అనే సర్వాధికారి ఒక్కడికే అన్ని తలుపులూ తెరుచుకుంటాయి.

జెరోమ్ సాల్ట్‌జర్, మైకేల్ ష్రోడర్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు 1975లో కంప్యూటర్లలోని సమాచార రక్షణ మీద ఒక వ్యాసం రాశారు. ఇప్పటికీ ఈ రంగంలో అడుగుపెట్టేవాళ్లు చదివే వ్యాసం అది. అందులో చెప్పిన సూత్రాల్లో ఒకటి: ప్రతి వస్తువును తాకే ప్రతి ప్రయత్నాన్నీ, ఏదీ వదలకుండా, తనిఖీ చేయాలి. ఈ సూత్రానికి ఒక రెండో సగం ఉంది, దాన్ని జనం తరచు మరిచిపోతారు. ప్రతి అభ్యర్థనా ఎవరి నుంచి వచ్చిందో మోసానికి తావు లేకుండా తెలుసుకునే పద్ధతి ఉండాలని ఆ వ్యాసం అక్కడే చెప్పింది. ఈ రెండో సగం లేకపోతే మొదటి సగం ఎంత కట్టుదిట్టంగా ఉన్నా వృథా.

డిస్కు పక్క గదికి వెళ్లినప్పుడు

1980ల తొలినాళ్లలో డిస్కులు ఖరీదైనవి. ఒక్కో ఇంజనీరు బల్ల మీద ఒక్కో వర్క్‌స్టేషన్ పెట్టినా, ప్రతిదానికీ పెద్ద డిస్కు ఇవ్వడం భారం. కాలిఫోర్నియాలో 1982లో మొదలైన సన్ మైక్రోసిస్టమ్స్ దీనికి ఒక దారి చూపింది. డిస్కులన్నీ సర్వర్లో ఉంటాయి. వర్క్‌స్టేషన్లు నెట్‌వర్క్ మీదుగా వాటిని తమ సొంత డిస్కుల్లాగే వాడుకుంటాయి. ఇదే నెట్‌వర్క్ ఫైల్ సిస్టమ్, పొట్టిగా ఎన్ఎఫ్ఎస్. 1985లో రస్సెల్ శాండ్‌బర్గ్, డేవిడ్ గోల్డ్‌బర్గ్, స్టీవ్ క్లైమన్, డాన్ వాల్ష్, బాబ్ లయన్ దీని నిర్మాణాన్ని వివరిస్తూ పత్రం ప్రచురించారు. సన్ దీని నియమావళిని అందరి ముందూ పెట్టింది. ఇతర కంపెనీలు కూడా తమ యంత్రాల్లో దీన్ని చేర్చుకున్నాయి. అందుకే అది ఇంతగా పాకింది.

ఇప్పుడు లక్ష్మి తన వర్క్‌స్టేషన్ మీద ఒక ఫైల్ చదవమంటుంది. ఆమె ఎవరో తెలిసినది వర్క్‌స్టేషన్ కెర్నెల్‌కు. ఫైల్ ఉన్నది సర్వర్ దగ్గర. మధ్యలో తీగ. లక్ష్మి అడుగుతోందన్న సంగతి సర్వర్‌కు ఎలా తెలియాలి?

సన్ ఇచ్చిన జవాబు చాలా సాదాసీదాగా ఉంది. క్లయింట్ యంత్రం, అంటే సర్వర్‌ను అడిగే వర్క్‌స్టేషన్, పంపే ప్రతి అభ్యర్థన తల మీద ఒక చిన్న పత్రం ఉంటుంది. అందులో ఆ యంత్రం పేరు, అడుగుతున్న మనిషి సంఖ్య, ఆమె ప్రధాన సమూహం సంఖ్య, ఇంకా గరిష్ఠంగా 16 సమూహాల సంఖ్యలు ఉంటాయి. అంతే. సంతకం లేదు, రహస్యం లేదు, రుజువు లేదు. ఆ సంఖ్యను సర్వర్ చదివి, ఆ సంఖ్యకు ఆ ఫైల్ మీద హక్కు ఉందా లేదా అని జాగ్రత్తగా చూస్తుంది. దీనికి మొదట ఆత్ యూనిక్స్ అని పేరు, తర్వాత ఆత్ సిస్ అయింది.

దీన్ని పాతకాలపు రేషన్ దుకాణంతో పోల్చవచ్చు. డీలరు రిజిస్టరు తెరిచి, ఆ కార్డుకు ఎన్ని కిలోల బియ్యం రావాలో ఒక్క గ్రాము తేడా లేకుండా చూస్తాడు. కానీ కార్డు నంబరు చెబుతున్న మనిషి ఆ కార్డుదారేనా అని మాత్రం అడగడు. కొలత న్యాయంగానే ఉంటుంది, బియ్యం పరాయి సంచిలోకి వెళుతుంది. వేలిముద్ర యంత్రం వచ్చాక మారినది కొలత కాదు, మొదటి ప్రశ్నకు జవాబు రాబట్టే తీరు.

సన్ ఇంజనీర్లు తెలివితక్కువవాళ్లు కారు. వాళ్ల కాలానికి ఈ ఏర్పాటు సరిపోయింది. అప్పట్లో ఒక సంస్థలోని వర్క్‌స్టేషన్లన్నీ ఒకే నిర్వాహకుల చేతుల్లో ఉండేవి. రూట్ పాస్‌వర్డ్ వాళ్లకే తెలుసు. కాబట్టి క్లయింట్ కెర్నెల్ అబద్ధం చెప్పదని నమ్మడానికి కారణం ఉంది. దానికి తోడు ఇంకో చిన్న కాపలా కూడా పెట్టుకున్నారు. నెట్‌వర్క్ సందేశాలు వచ్చిపోయే ద్వారాలను పోర్టులంటారు; యూనిక్స్‌లో 1024 కన్నా తక్కువ సంఖ్య గల పోర్టును రూట్ మాత్రమే వాడగలడు. అభ్యర్థన అలాంటి పోర్టు నుంచి వస్తే అది కెర్నెల్ పంపినదే, మామూలు మనిషి అల్లినది కాదని సర్వర్ అనుకునేది.

ఈ కాపలా మొత్తం నిలబడినది ఒక్క నమ్మకం మీద: నెట్‌వర్క్‌లో ఉన్న ప్రతి యంత్రానికీ రూట్ మనవాడే. పర్సనల్ కంప్యూటర్లు నెట్‌వర్క్‌లోకి రాగానే ఆ నమ్మకం చెదిరిపోయింది. డాస్ నడిచే పీసీలో రూట్ అంటూ ఎవరూ లేరు. ఏ ప్రోగ్రాము ఏ పోర్టునైనా వాడవచ్చు, ఏ సంఖ్యనైనా రాసి పంపవచ్చు. ఆ తర్వాత ల్యాప్‌టాప్‌లు వచ్చాయి. సొంత ల్యాప్‌టాప్ మీద ప్రతి మనిషీ సర్వాధికారే. లక్ష్మి ఫైల్ చదవాలనుకున్న రవికి పాస్‌వర్డ్ దొంగిలించే పని లేదు. తన యంత్రంలో 1001 అనే సంఖ్యతో ఒక ఖాతా తెరిస్తే చాలు, సర్వర్ అతన్ని లక్ష్మిగానే ఆహ్వానిస్తుంది.

దురుద్దేశం లేకుండానే ఇలా జరగవచ్చు. డెబియన్, ఉబుంటు వంటి లైనక్స్ పంపిణీలు యంత్రంలో మొదట తెరిచే ఖాతాకు 1000 అనే సంఖ్య ఇస్తాయి. రెండు ఇళ్లలో ఇద్దరు వేర్వేరు మనుషులు తమ తమ యంత్రాల్లో 1000 అవుతారు. ఇద్దరూ ఒకే సర్వర్‌కు తగిలించుకుంటే, సర్వర్ దృష్టిలో ఇద్దరూ ఒకరే. సన్ ఈ ఇబ్బందిని మొదటే గ్రహించి, సంస్థంతటికీ ఒకే సంఖ్యల జాబితాను పంచిపెట్టే ఎల్లో పేజెస్ అనే సేవను ఎన్ఎఫ్ఎస్‌తో పాటే అందించింది. దానివల్ల పొరపాట్లు తగ్గాయి గాని, కావాలని చెప్పే అబద్ధం ఆగలేదు.

సున్నాను ఆపితే సరిపోతుందా

రూపకర్తలు ఒక ప్రమాదాన్ని మాత్రం మొదటి నుంచీ ఎదుర్కొన్నారు. ఒక క్లయింట్ మీద రూట్ అయినవాడు సర్వర్ మీద కూడా రూట్ అయిపోతే కొంప మునిగినట్టే. అందుకే 1985 పత్రంలోనే ఒక నియమం కనిపిస్తుంది. అభ్యర్థనలో సున్నా వస్తే సర్వర్ దాన్ని నోబడీ అనే అనామకుడి సంఖ్యగా మార్చి, ఆ తర్వాతే హక్కులు చూడాలి. దీన్నే ఈనాటి నిర్వాహకులు రూట్ స్క్వాష్ అంటారు. లైనక్స్‌లో ఆ అనామకుడి సంఖ్య 65534.

ఈ నియమాన్ని చాలామంది ఉన్నదానికన్నా పెద్ద రక్షణగా భావిస్తారు. అది కాపాడేది రూట్ సొంత ఫైళ్లను. క్లయింట్ మీద రూట్ అయినవాడు సున్నాగా అడగడం మానేసి, ఒక్క ఆదేశంతో 1001గా మారి అడిగితే రూట్ స్క్వాష్‌కు చెప్పడానికేమీ లేదు. జీతాల పట్టిక, పరీక్ష పేపరు, రోగి రికార్డు ఇవేవీ సాధారణంగా రూట్ ఫైళ్లు కావు. మామూలు మనుషుల ఫైళ్లే. విలువైనదంతా కాపలా లేని వైపే ఉంటుంది.

ఈ కాపలాను కూడా 1990ల తొలినాళ్లలో కొందరు పక్కనుంచి దాటారు. అభ్యర్థనలో మనిషి సంఖ్యకు 32 బిట్ల చోటు ఉంది. అప్పటి కొన్ని సర్వర్ల లోపల మాత్రం ఆ సంఖ్యను 16 బిట్లలోనే దాచేవారు. 65536 అనే సంఖ్యను పంపితే ఏమవుతుందో చూడండి. అది సున్నానా అని తనిఖీ అడుగుతుంది. కాదు, కాబట్టి లోపలికి వదులుతుంది. ఆ తర్వాత పై 16 బిట్లు రాలిపోతాయి. మిగిలేది సున్నా. అనామకుడిగా మారాల్సినవాడు సర్వాధికారిగా లోపలికి వచ్చాడు. తనిఖీ చేసిన విలువా, వాడిన విలువా ఒకటే అయి ఉండాలన్న పాఠాన్ని ఇంత సూటిగా చెప్పే ఉదాహరణ అరుదు.

ప్రతి అడుగునా తనిఖీ

ఇప్పుడు రెండో ప్రశ్న వైపు తిరుగుదాం. ఎన్ఎఫ్ఎస్ అనుమతుల తనిఖీని తేలిగ్గా తీసుకుందని అనుకుంటే అది అన్యాయం. ఒక రకంగా అది ఒంటరి యూనిక్స్ కన్నా కఠినం.

యూనిక్స్‌లో హక్కుల పరీక్ష ఫైల్‌ను తెరిచేటప్పుడు ఒక్కసారే జరుగుతుంది. తెరిచాక ఎన్నిసార్లు చదివినా రాసినా మళ్లీ అడగరు. ఎన్ఎఫ్ఎస్ తొలి రూపాల్లో తెరవడం అనే పనే లేదు. సర్వర్ ఎవరినీ గుర్తుపెట్టుకోదు. అది మధ్యలో ఆగిపోయి మళ్లీ లేచినా క్లయింట్లకు నష్టం లేకుండా ఉండాలని కావాలనే అలా కట్టారు. గుర్తుపెట్టుకోదు కాబట్టి చదివే ప్రతి ముక్కకూ, రాసే ప్రతి ముక్కకూ మళ్లీ మొదటి నుంచీ హక్కులు చూడాలి.

ఈ కఠినత్వం వింత చిక్కులు తెచ్చింది. యూనిక్స్‌లో ఒక ప్రోగ్రాము కొత్త ఫైల్‌ను సృష్టించి, వెంటనే దాని మీద రాసే హక్కును తీసేసి, అయినా రాస్తూనే ఉండవచ్చు. తెరిచినప్పుడు హక్కు ఉంది, అది చాలు. ఎన్ఎఫ్ఎస్ సర్వర్ మాత్రం తర్వాతి ముక్క దగ్గరే కుదరదంటుంది, ప్రోగ్రాము కూలుతుంది. అందుకని సర్వర్లు ఒక మినహాయింపు పెట్టుకున్నాయి. అడిగేది ఫైల్ సొంతదారు అయితే, హక్కుల పట్టిక కాదన్నా చదవనివ్వాలి, రాయనివ్వాలి. సొంతదారు ఎలాగూ ఆ హక్కును తనకు తాను తిరిగి ఇచ్చుకోగలడు కాబట్టి నష్టం లేదన్నది దీని వెనుక తర్కం. ఇంకో చిక్కు నడిపే హక్కుతో వచ్చింది. ఒక ప్రోగ్రామును నడపాలంటే క్లయింట్ దాన్ని చదివి తన జ్ఞాపకంలోకి తెచ్చుకోవాలి. తెచ్చుకునేది నడపడానికా, చదువుకోవడానికా సర్వర్‌కు తెలియదు. కాబట్టి నడిపే హక్కు ఉన్నవాడికి చదివే వీలు కూడా ఇవ్వక తప్పలేదు. నడపవచ్చు గాని చదవకూడదు అన్న యూనిక్స్ కట్టడి నెట్‌వర్క్ మీద నిలవలేదు.

మూడో చిక్కు ఊహలతో వచ్చింది. మొదట్లో క్లయింట్ యంత్రం ఫైల్ మీది హక్కుల గుర్తులను తెప్పించుకుని, వీలవుతుందో లేదో తానే లెక్క వేసేది. సర్వర్ రూట్‌ను అనామకుడిగా మారుస్తోందని గాని, మనుషుల పేరుపేరునా వేరే జాబితా పెట్టుకుందని గాని దానికి తెలియదు. లెక్క తప్పేది. 1995లో వచ్చిన మూడో రూపం దీన్ని యాక్సెస్ అనే కొత్త ప్రశ్నతో చక్కదిద్దింది. ఈ ఫైల్‌ను నేను చదవవచ్చా, మార్చవచ్చా, పెంచవచ్చా, నడపవచ్చా అని క్లయింట్ నేరుగా సర్వర్‌నే అడుగుతుంది. సర్వర్ ఇచ్చే జవాబు ఆ క్షణానికి చెల్లేది మాత్రమే. మరుక్షణం హక్కులు మారవచ్చు, కాబట్టి అసలు పని వచ్చినప్పుడు సర్వర్ మళ్లీ పరీక్షిస్తుంది. హక్కు ఉందో లేదో తేల్చే అధికారం వస్తువును కాపాడేవాడి దగ్గరే ఉండాలన్న సంగతి ఇక్కడ స్పష్టమైంది.

16 సమూహాల పరిమితి కథ కూడా అటువంటిదే. పెద్ద సంస్థల్లో ఒక మనిషి 20, 30 సమూహాల్లో ఉండటం మామూలు. పత్రంలో పట్టేది 16. పదిహేడో సమూహం వల్ల రావాల్సిన హక్కు రాదు. అన్నీ సరిగ్గానే కనిపిస్తున్నా తలుపు ఎందుకు తెరుచుకోదో తెలియక నిర్వాహకులు తల పట్టుకుంటారు. లైనక్స్ సర్వర్‌లో దీనికి ఒక పరిష్కారం ఉంది. క్లయింట్ పంపిన సమూహాల జాబితాను పక్కన పెట్టి, ఆ మనిషి ఏయే సమూహాల్లో ఉన్నాడో సర్వర్ తన సొంత జాబితాలో చూసుకుంటుంది. పరిమితిని దాటడానికి చేసిన ఏర్పాటు ఇది. దానితో పాటు ఒక మేలు కూడా జరిగింది. క్లయింట్ మాట మీద నమ్మాల్సిన సంగతుల్లో ఒకటి తగ్గింది.

తలుపు దగ్గర అడిగి, లోపల వదిలేసి

తనిఖీలో ఇంకో పెద్ద సందు ఉంది. పాత ఎన్ఎఫ్ఎస్‌లో ఏ యంత్రం ఏ డైరెక్టరీని వాడుకోవచ్చో చూసే పని, డైరెక్టరీని క్లయింట్‌కు తగిలించే మౌంట్ సేవది. అది ఎక్స్‌పోర్ట్స్ ఫైల్లో ఉన్న యంత్రాల పేర్ల జాబితా చూసి, సరే అనుకుంటే ఆ డైరెక్టరీకి ఒక ఫైల్ హ్యాండిల్ ఇస్తుంది. రెండో రూపంలో హ్యాండిల్ అంటే 32 బైట్ల అంకెల మూట. మూడో రూపంలో 64 బైట్ల దాకా ఉండవచ్చు. అక్కడి నుంచి క్లయింట్ ఆ హ్యాండిల్ చూపించి నేరుగా ఫైల్ సేవను అడుగుతుంది.

మరి మౌంట్ సేవను అడగకుండా హ్యాండిల్‌ను ఊహించి రాస్తే? తొలినాళ్ల సర్వర్లలో అది అసాధ్యం కాదు. హ్యాండిల్‌లో ఉండేవి ఫైల్ సిస్టమ్ గుర్తు, ఫైల్ క్రమసంఖ్య, ఆ క్రమసంఖ్య ఎన్నోసారి వాడుకలోకి వచ్చిందో తెలిపే తరం సంఖ్య. కొత్త డిస్కు మీద ఇవి ముందే ఊహించదగినవి. సన్ అందుకోసం ఎఫ్ఎస్ఐఆర్ఏఎన్‌డీ అనే పనిముట్టు ఇచ్చింది. అది తరం సంఖ్యలను యాదృచ్ఛికంగా నింపుతుంది. ఒక డిస్కులో కొంత భాగాన్నే పంచుకున్నప్పుడు హ్యాండిల్‌ను ఊహించి మిగతా భాగంలోకి దూరే ప్రమాదం ఇప్పటికీ ఉంది. పంచుకోదలచిన భాగానికి వేరే ఫైల్ సిస్టమ్ కేటాయించాలని అనుభవజ్ఞులు చెప్పేది అందుకే.

మౌంట్ సేవను మోసగించే దారి కూడా ఒకటి దొరికింది. ఏ సేవ ఏ పోర్టులో ఉందో చెప్పే పోర్ట్‌మ్యాపర్, కావాలంటే అభ్యర్థనను తానే ఆ సేవకు చేరవేసేది. బయటి మనిషి మౌంట్ అభ్యర్థనను పోర్ట్‌మ్యాపర్‌కు పంపితే, అది సర్వర్ లోపలి నుంచే వచ్చినట్టు మౌంట్ సేవకు కనిపించేది. ఎక్స్‌పోర్ట్స్ జాబితాలో సర్వర్ తన పేరు తానే రాసుకుని ఉంటే తలుపు తెరుచుకున్నట్టే. నెదర్లాండ్స్‌కు చెందిన వీట్సే వెనెమా దీన్ని అరికట్టే పోర్ట్‌మ్యాపర్‌ను రాసి అందరికీ పంచాడు. 1993లో అతను, డాన్ ఫార్మర్ కలిసి, తమ సొంత వ్యవస్థలోకి తామే చొరబడి చూసుకుంటే లోపాలు ఎలా బయటపడతాయో వివరిస్తూ ఒక వ్యాసం రాశారు. లోకమంతటికీ తెరిచి పెట్టిన ఎన్ఎఫ్ఎస్ డైరెక్టరీలు అందులో ముఖ్యమైన పాఠం.

యంత్రాన్ని నమ్మని రెండు విశ్వవిద్యాలయాలు

సన్ ఇంజనీర్లు ఎన్ఎఫ్ఎస్ రాస్తున్న రోజుల్లోనే అమెరికా తూర్పు భాగంలో రెండు విశ్వవిద్యాలయాలు ఇదే సమస్యను తలకిందులుగా చూశాయి.

మసాచుసెట్స్‌లోని ఎంఐటీ 1983లో ఐబీఎం, డెక్ సంస్థల సాయంతో ప్రాజెక్ట్ ఎథీనా మొదలుపెట్టింది. విద్యార్థులందరికీ క్యాంపస్ అంతటా వర్క్‌స్టేషన్లు. ఎవరు ఎక్కడైనా కూర్చోవచ్చు. ఆ యంత్రాన్ని విప్పవచ్చు, మళ్లీ మొదటి నుంచి నడపవచ్చు, దాని మీద సర్వాధికారి కావచ్చు. అలాంటి యంత్రం చెప్పే మాటను నమ్మే వీలే లేదు. ఈ ప్రాజెక్టుకు సాంకేతిక దర్శకుడు మరెవరో కాదు, 1975 నాటి వ్యాసం రాసిన సాల్ట్‌జరే. అక్కడ పుట్టినదే కెర్బరోస్. రోజర్ నీడమ్, మైకేల్ ష్రోడర్ 1978లో ప్రతిపాదించిన పద్ధతి దీనికి పునాది.

కెర్బరోస్‌లో అందరూ నమ్మే ఒక కేంద్రం ఉంటుంది. ప్రతి మనిషి రహస్యమూ, ప్రతి సర్వర్ రహస్యమూ దానికి తెలుసు. లక్ష్మి ఫైల్ సర్వర్‌తో మాట్లాడాలంటే ముందు ఈ కేంద్రం నుంచి టికెట్ తెచ్చుకోవాలి. టికెట్‌లో ఆమె పేరు, గడువు, ఆ ఇద్దరికి మాత్రమే పనికొచ్చే ఒక తాత్కాలిక రహస్యం ఉంటాయి. అదంతా ఫైల్ సర్వర్ మాత్రమే విప్పగలిగేలా సంకేతీకరించి ఉంటుంది. అదే తాత్కాలిక రహస్యం లక్ష్మికి కూడా వేరుగా అందుతుంది, దాన్ని ఆమె పాస్‌వర్డ్ తెలిసినవారే విప్పగలరు. టికెట్‌తో పాటు ఆమె యంత్రం ఆ క్షణపు సమయాన్ని ఈ రహస్యంతో సంకేతీకరించి పంపుతుంది. సర్వర్ టికెట్ విప్పి, అందులోని రహస్యంతో ఆ సమయాన్ని విప్పి, తన గడియారంతో పోల్చి చూస్తుంది. సాధారణంగా 5 నిమిషాలకు మించిన తేడా ఉంటే ఒప్పుకోదు. పాస్‌వర్డ్ ఒక్కసారి కూడా తీగ మీద ప్రయాణించదు. 1001 అని రాసుకున్న రవి దగ్గర లక్ష్మి రహస్యం లేదు, కాబట్టి అతని మాట చెల్లదు.

ఎథీనా ఈ కెర్బరోస్‌ను సన్ ఎన్ఎఫ్ఎస్‌కు ఎలా అతికించిందన్నది ఆసక్తికరమైన ఘట్టం. చదివే ప్రతి ముక్కకూ టికెట్ పరీక్షిస్తే వేగం మరీ పడిపోతుందని అప్పటి యంత్రాల మీద తేలింది. అందుకని మధ్యేమార్గం పట్టారు. మౌంట్ చేసేటప్పుడు ఒక్కసారి కెర్బరోస్ పరీక్ష. అది నెగ్గితే, ఫలానా చిరునామా గల యంత్రం నుంచి ఫలానా సంఖ్యతో వచ్చే అభ్యర్థనలు ఫలానా మనిషివని సర్వర్ ఒక పట్టికలో రాసుకుంటుంది. లాగౌట్ కాగానే చెరిపేస్తుంది. 1988లో ప్రచురించిన పత్రంలోనే దీని లోపాన్ని రూపకర్తలు దాపరికం లేకుండా రాశారు. మనిషి లాగిన్ అయి ఉన్నంత సేపూ ఎవరైనా ఆ చిరునామానూ సంఖ్యనూ అనుకరించవచ్చు. లాగౌట్ అయ్యాక మాత్రం ఆ దారి మూసుకుంటుంది. ప్రమాదాన్ని పూర్తిగా పోగొట్టలేనప్పుడు దాని కాలవ్యవధిని కుదించడం కూడా రక్షణే అని ఈ పని చూపించింది.

రెండోది పిట్స్‌బర్గ్‌లోని కార్నెగీ మెలన్. ఐబీఎంతో కలిసి అక్కడ కట్టిన ఆండ్రూ ఫైల్ సిస్టమ్ వేలాది వర్క్‌స్టేషన్లను దృష్టిలో పెట్టుకున్నది. దాని రక్షణను తీర్చిదిద్దినవారిలో ముఖ్యుడు మన దేశంలో పుట్టి, ఐఐటీ మద్రాసులో చదివిన మహాదేవ్ సత్యనారాయణన్. ఆ నిర్మాణంలో లోకం రెండు ముక్కలు. తాళం వేసిన గదుల్లోని కొద్దిపాటి సర్వర్లను నమ్మవచ్చు. వాటి బృందానికి వైస్ అని పేరు. బల్లల మీది వర్క్‌స్టేషన్లను నమ్మకూడదు. మాటలు మొదలుపెట్టే ముందు మనిషి సర్వర్‌కూ, సర్వర్ మనిషికీ తమను రుజువు చేసుకోవాలి. హక్కులు డైరెక్టరీకి ఒక జాబితాగా ఉంటాయి, ఎవరికి ఏ హక్కో పేరుపేరునా రాసుకోవచ్చు. వేల యంత్రాల్లో ఒక్కటి చెడినా మొత్తం చెడకూడదన్న పట్టుదల ఈ నిర్మాణమంతటా కనిపిస్తుంది.

రుజువు కూడా బలంగా ఉండాలి

సన్ ఊరుకోలేదు. 1980ల రెండో సగంలోనే, ఎన్ఎఫ్ఎస్ అభ్యర్థనలను మోసే ఆర్‌పీసీ పొరకు రక్షణగా సెక్యూర్ ఆర్‌పీసీ తెచ్చింది. డిఫీ, హెల్‌మన్‌ల పద్ధతిలో క్లయింటూ సర్వరూ ఉమ్మడి రహస్యాన్ని తయారు చేసుకుంటాయి. ఆలోచన సరైనదే. కానీ దాని భద్రత అంతా ఆధారపడిన ప్రధాన సంఖ్య పొడవు 192 బిట్లు. 1991లో బ్రయన్ లమాకియా, ఆండ్రూ ఒడ్లిజ్కో ఆ లెక్కను కంప్యూటర్‌తో ఛేదించి చూపించారు. ఒకే సంఖ్యను అందరూ వాడతారు కాబట్టి, దాని మీద ఒకసారి కష్టపడి ముందస్తు లెక్కలు చేసుకుంటే ఆ తర్వాత ఒక్కొక్కరి రహస్యాన్నీ తేలిగ్గా బయటపెట్టవచ్చు. గుర్తింపు అడగడం ఒక్కటే చాలదు, ఆ గుర్తింపును దొంగ తయారు చేసుకోలేనంత బలం అందులో ఉండాలి.

1997లో ఆర్‌పీసీసెక్ జీఎస్ఎస్ అనే పొర ప్రామాణికమైంది. ఇది ఎథీనా చేయలేకపోయిన పనిని చేసింది. ప్రతి అభ్యర్థనకూ విడివిడిగా రుజువు జత చేసింది. కెర్బరోస్‌తో వాడినప్పుడు దీనిలో మూడు మెట్లున్నాయి. మొదటి మెట్టులో అడుగుతున్నది ఎవరో రుజువవుతుంది. రెండో మెట్టులో దారిలో ఎవరూ సమాచారాన్ని మార్చలేదని కూడా తేలుతుంది. మూడో మెట్టులో సమాచారం మొత్తం సంకేతీకరించి వెళుతుంది, దారిలో ఎవరూ చదవలేరు. సన్ చేతి నుంచి ఇంటర్నెట్ ప్రమాణాల సంఘం చేతికి వచ్చిన ఎన్ఎఫ్ఎస్ నాలుగో రూపం నియమావళి మొదట 2000లో, సవరించిన రూపంలో 2003లో వెలువడింది. ఈ పొరను అమలు చేసే శక్తి ప్రతి సర్వర్‌కూ, ప్రతి క్లయింట్‌కూ ఉండి తీరాలని అది నిర్దేశించింది. వేరే మౌంట్ సేవ అవసరం లేకుండా అంతా 2049 పోర్టు మీదే నడిచేలా చేసింది. ఫైల్ సొంతదారును ఒట్టి సంఖ్యతో కాక, మనిషి పేరు, సంస్థ పేరు కలిపిన రూపంలో చెప్పే పద్ధతి తెచ్చింది.

ఇంత జరిగినా పాత పద్ధతి పోలేదు. లైనక్స్‌లో ఎక్స్‌పోర్ట్స్ ఫైల్లో భద్రత గురించి ఏమీ రాయకపోతే ఈనాటికీ అమలయ్యేది ఆత్ సిస్సే. దీనికి బద్ధకాన్ని మాత్రమే నిందించలేం. కెర్బరోస్‌కు కేంద్రాన్ని నడపాలి, ప్రతి యంత్రానికీ రహస్యం పంచాలి, గడియారాలన్నీ కలిసి నడవాలి. టికెట్ గడువు కొన్ని గంటలే. రాత్రంతా నడిచే లెక్కల మధ్యలో గడువు తీరితే పని ఆగిపోతుంది. ఈ భారాన్ని చూసి 2022లో మరో దారి ప్రామాణికమైంది. బ్యాంకు వెబ్‌సైట్లను కాపాడే టీఎల్ఎస్‌నే ఎన్ఎఫ్ఎస్ కింద పరచడం. 2023లో ఇది లైనక్స్ కెర్నెల్‌లోకి వచ్చింది. దీనితో సమాచారం రహస్యంగా వెళుతుంది. క్లయింట్ దగ్గర కూడా ధృవపత్రం అడిగితే ఆ యంత్రం మనదేనని రుజువవుతుంది. కానీ లోపల ఉన్న 1001 అనే సంఖ్య మాత్రం ఇంకా ఆ యంత్రం చెప్పిన మాటే. యంత్రం ఎవరిదో తెలిసింది, మనిషి ఎవరో తెలియలేదు. ఈ తేడాను మరిచిపోకుండా వాడితే ఇది మంచి సాధనం.

కెర్బరోస్ కూడా సర్వరోగ నివారిణి కాదు. లక్ష్మి లాగిన్ అయిన యంత్రం మీద దుర్మార్గుడు సర్వాధికారి అయితే ఆమె టికెట్‌ను దొంగిలించగలడు. కానీ అతనికి దక్కేది ఆ యంత్రంలో ఆ సమయానికి ఉన్నవాళ్ల హక్కులే. ఆత్ సిస్‌లో అయితే ఒక్క యంత్రం చేతికి చిక్కితే సంస్థలోని ప్రతి మనిషి పేరూ చిక్కినట్టే. రక్షణ విలువను కొలవాల్సింది ఇక్కడే: ఒక యంత్రం చెడితే ఎంతమంది నష్టపోతారు?

మీ సర్వర్ దగ్గర

కళాశాల ప్రయోగశాలలోనో, చిన్న కార్యాలయంలోనో, ఇంట్లోనో ఎన్ఎఫ్ఎస్ సర్వర్‌ను నడిపే పాఠకులకు ఈ చరిత్ర నుంచి చెప్పదగిన మాటలు కొన్ని ఉన్నాయి. ఎక్స్‌పోర్ట్స్ ఫైల్‌ను ఈరోజే తెరిచి ప్రతి పంక్తీ చదవండి. యంత్రాల పేర్ల చోట నక్షత్రం గుర్తు ఉంటే ఆ డైరెక్టరీ మీ నెట్‌వర్క్‌లోని అందరిదీ అయినట్టే. నో రూట్ స్క్వాష్ అని ఉంటే అది ఎందుకుందో మీకు తెలిసి ఉండాలి. దానివల్ల క్లయింట్ మీది సర్వాధికారి, రూట్ హక్కులతో నడిచే ప్రోగ్రామును మీ డిస్కు మీద పెట్టగలడు. ఒక్క కొమ్మను పంచుకోవాలంటే దానికి వేరే ఫైల్ సిస్టమ్ ఇవ్వండి. 2049 పోర్టును బయటి ఇంటర్నెట్‌కు ఎన్నడూ తెరవకండి. క్లయింట్లన్నిటికీ మీరే నిర్వాహకులైతే ఆత్ సిస్ సరిపోతుంది, టీఎల్ఎస్ తోడైతే మరీ మంచిది. సొంత ల్యాప్‌టాప్‌లు తెచ్చుకునే మనుషులు ఉన్నచోట కెర్బరోస్ భారాన్ని మోయక తప్పదు.

అన్నిటికన్నా ముఖ్యమైనది, మీరు నమ్ముతున్నదాన్ని కాగితం మీద రాసి పెట్టుకోవడం. ఈ యంత్రాల మీద ఫలానావాళ్లే సర్వాధికారులు అని 1985లో సన్ నమ్మింది, అప్పటికి అది నిజం. చుట్టూ లోకం మారింది, ఆ నమ్మకాన్ని తిరిగి చూసుకున్నవాళ్లు తక్కువ. రక్షణ నియమాలు పాతబడేది వాటిలో తప్పుండి కాదు, అవి ఏ పరిస్థితికి పుట్టాయో ఆ పరిస్థితి పోవడం వల్ల. మీ సర్వర్ ఎవరి మాట మీద ఆధారపడి ఉందో ఏటా ఒకసారైనా తిరిగి చూడండి. దాని మీద ఉన్నవి మీ ఒక్కరి ఫైళ్లు కావు. మిమ్మల్ని నమ్మి అక్కడ దాచుకున్న ప్రతి మనిషికీ మీరు జవాబుదారు.